మూడు చుక్కలంటే ఫస్టు క్లాసు

వేంపల్లె చుట్టుపక్కల చీనీ తోట ఉన్న ఇళ్లల్లో వేసవి వచ్చిందంటే ఒకటే భయం, బోరు మోటరు కాలిపోతుందేమోనని. పాపాఘ్ని మా ఊరి పక్కనే పోతుంది. కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, గండి దగ్గర కొండల నడుమ దారి చేసుకుని, కమలాపురం దగ్గర పెన్నలో కలిసే ఏరు అది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే కనబడుతుంది. తోట బతికేది బోరు మీదనే. మోటరు కాలితే ఎత్తించాలి, వైండింగు చేయించాలి, మళ్లా దించాలి. చెట్టు మీద పిందె ఉన్నప్పుడు నీళ్లు ఆలస్యమైతే రాలిపోతుంది. ఆ పొద్దు రైతుకు కావలసింది నమ్మకంగా వచ్చే మనిషి ఫోన్ నంబరు.

అట్లాంటి నంబర్లన్నీ ఒకచోట చేర్చి నేనొక చిన్న వెబ్ యాప్ రాశాను. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదువుకుని, హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ, కరోనా తర్వాత ఇంటినుంచే పనిచేసే వీలు దొరికి ఊరికి వచ్చేసిన కాలం అది. మోటరు మెకానిక్కులు, మోటరు ఎత్తే బండ్లవాళ్లు, స్టార్టరు బాగుచేసేవాళ్లు, డ్రిప్పు పైపుల పని తెలిసినవాళ్లు, అందరి పేర్లూ అందులో ఉంటాయి. వేముల, చక్రాయపేట వైపు ఊళ్లు కూడా చేర్చాను. రైతు తన ఊరు, మోటరు ఎన్ని హెచ్‌పీ, ఏం జరిగింది అని పెడితే మెకానిక్కుకు మెసేజీ పోతుంది. అంతవరకు అది మంచి పని. ఇప్పటికీ అట్లనే అనుకుంటున్నాను. ఆ తర్వాత నేను చేసిన తెలివితక్కువ పని గురించే ఇదంతా రాస్తున్నాను. మెకానిక్కుల పేర్ల పక్కన ఐదు నక్షత్రాలు పెట్టాను.

ఎవరూ అడగలేదు. రైతులు అడిగినవి వేరే. మెకానిక్కు ఎంత తీసుకుంటాడో ముందే తెలియాలన్నారు, పొద్దున వస్తానంటే పొద్దున్నే రావాలన్నారు. మెకానిక్కులు అడిగినవీ వేరే. బోరు ఎన్ని అడుగులు, తోటలోకి బండి పోయే దారి ఉందా లేదా అనేది ముందే తెలిస్తే ఎంతమందిమి రావాలో తేల్చుకుంటామన్నారు. ఇవన్నీ పక్కన పెట్టి నేను స్టార్ల పనికి పూనుకోవడానికి కారణం ఒకటే, నేను వాడే ప్రతి యాప్‌లోనూ అవి ఉన్నాయి. బిర్యానీ తెప్పించుకుంటే స్టార్లు, కారు ఎక్కి దిగితే స్టార్లు, ఫోను కవరు కొంటే స్టార్లు. అవి లేకపోతే నా యాప్ అరకొరగా ఉందనిపించింది. ఒక మనిషి పేరును, బతుకుదెరువును ముట్టుకునే పనికి ఆ కారణం చాలదు. అప్పుడు నాకు ఆ ఆలోచనే రాలేదు.

కోడు రాయడం సులువు. ఐదు బటన్లు, ఒకటి నొక్కితే అదీ, దానికి ఎడమపక్క ఉన్నవన్నీ పసుపుపచ్చగా వెలగాలి. వెనక డేటాబేసులో ఒక టేబులు: ఎవరు ఇచ్చారు, ఎవరికిచ్చారు, ఎంత ఇచ్చారు, ఎప్పుడు. ఒక ఫోన్ నంబరు నుంచి ఒక మెకానిక్కుకు ఒకే రేటింగు. మళ్లీ ఇస్తే పాతది పోయి కొత్తది నిలవాలి. ఈ కట్టుబాటు పెట్టకపోతే ఒకడే వంద నొక్కులు నొక్కి ఒకర్ని ఆకాశానికి ఎత్తగలడు, ఇంకొకర్ని ముంచగలడు. ఇంతవరకు జాగ్రత్తగానే చేశాను.

మొదటి తప్పు సున్నా దగ్గర జరిగింది. స్కోరు కాలమ్‌కు డిఫాల్టు విలువ సున్నా అని పెట్టాను. పని అయ్యాక రైతు ఏమీ నొక్కకుండా పేజీ మూసేస్తే అక్కడ సున్నా నిలిచిపోతుంది. సరాసరి తీసేటప్పుడు ఆ సున్నాలూ లెక్కలోకి వచ్చాయి. పదిమంది పని చేయించుకుని, నలుగురు నాలుగేసి స్టార్లు ఇచ్చి, మిగతా ఆరుగురు ఊరుకున్నారనుకోండి. రావలసింది నాలుగు. నా లెక్కలో వచ్చేది 1.6. ఏమీ చెప్పనివాణ్ని తిట్టిన వాడిగా జమకట్టాను. 'జవాబు లేదు' అనేదానికి డేటాబేసులో వేరే గుర్తు ఉంది, నల్ అంటారు. సరాసరి తీసే ఫంక్షనే దాన్ని పక్కన పెడుతుంది. చదువుకునేటప్పుడు మొదట్లోనే చెప్పే పాఠం ఇది. దీనివల్ల ఎక్కువ నష్టపోయింది ఎక్కువ పని ఉన్నవాళ్లు. వాళ్ల దగ్గర పని చేయించుకున్నవాళ్లలో నొక్కకుండా పోయినవాళ్ల వంతు ఎక్కువ. ఊర్లో అందరూ మొదట పిలిచే మెకానిక్కు నా పట్టీలో అట్టడుగున ఉన్నాడు. తప్పు కనబడినాక సరిచేశాను గానీ, అంతకుముందు రోజుల్లో ఆ పట్టీ చూసి ఎంతమంది వేరేవాళ్లను పిలిచారో నాకు తెలిసే వీల్లేదు.

రెండో తప్పు వరుస పేర్చడంలో. సరాసరి ఎక్కువున్నవాణ్ని పైన పెట్టాను. కొత్తగా షాపు పెట్టిన పిల్లోడికి వాళ్ల బావమరిది ఒక్కడే ఐదు నొక్కితే సరాసరి ఐదు. ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాయనకు నలభైమంది ఇచ్చిన సరాసరి 4.2. పట్టీలో పిల్లోడు పైన, పెద్దాయన కింద. సరాసరితో వరుస పేర్చొద్దని, ఎంతమంది చెప్పారో కూడా లెక్కలోకి తీసుకోవాలని 2009 లో ఇవాన్ మిల్లర్ అనే ప్రోగ్రామరు వివరంగా రాశాడు. ఆయన వాడమన్న సూత్రం ఎడ్విన్ విల్సన్ అనే గణాంకశాస్త్రవేత్త 1927 లోనే ఇచ్చినది. సినిమాలకు రేటింగు ఇచ్చే ఐఎండీబీ తన టాప్ 250 పట్టీకి ఇంకో పద్ధతి పాటించింది. అన్ని సినిమాల సరాసరిని తెచ్చి ప్రతి సినిమాకూ ముందే కొన్ని ఓట్లుగా కలిపింది. మా లెక్కలో చెప్పాలంటే, అందరు మెకానిక్కుల సరాసరి 3.6 అనుకుని ప్రతివాడికీ అట్లాంటి పది ఓట్లు ముందే వేస్తే, ఒక్క ఐదుతో ఉన్న పిల్లోడు 3.7 దగ్గర ఆగుతాడు, నలభైమంది మెచ్చినాయన 4.1 దగ్గర నిలబడతాడు. ఇంత చిన్న లెక్కకు వెతికితే దొరికే జవాబు ఉంది. నేను వెతకలేదు.

ఈ రెండూ లెక్కల తప్పులు. సరిచేయగలిగాను. మిగతావి లెక్కతో సరయ్యేవి కావు.

మా చిన్నాయన ఎప్పుడు మోటరు కాలినా ఒకే మెకానిక్కు దగ్గరికి పోతాడు. వేరే షాపు గడప తొక్కడు. ఆయన ఆ మెకానిక్కుకు మూడు స్టార్లు ఇచ్చినట్టు చూసి నాకు అర్థం కాలేదు.

"ఏం చిన్నాయనా, మూడే ఇచ్చినావు? పని బాగా చెయ్యలేదా?" అని అడిగాను.

"బాగా చెయ్యకపోతే మూడెందుకిస్తా? ఐదుకు మూడంటే నూటికి అరవై. ఫస్టు క్లాసు గాదా?" అన్నాడు. మళ్లా ఆయనే, "ఐదుకు ఐదు ఎవురికిస్తార్రా. తప్పే చెయ్యని మనిషి యాడుండాడు?" అన్నాడు.

ఆయన లెక్క తప్పు అనడానికి నా దగ్గర ఏమీ లేదు. ముప్పై అయిదుకు పాసు, అరవైకి ఫస్టు క్లాసు అనే కొలత మీద మా తల్లిదండ్రుల తరం అంతా పెరిగింది. పేపరు దిద్దే అయివారు నూటికి నూరు వేయడం వాళ్లు చూసి ఎరగరు. ఫోన్లలో నడిచే స్టార్ల లోకంలో కొలత వేరు. అక్కడ ఐదంటే సరే, నాలుగంటే ఏదో లోపం, మూడంటే దగ్గరికి పోవద్దని. ఈ రెండు కొలతలూ ఒకే కాలమ్‌లో పడ్డాయి. దానికి తోడు నేను 'నాలుగు, అంతకు మించి' అని ఒక ఫిల్టరు కూడా పెట్టాను. వయసు మళ్లిన రైతులు నమ్మకంతో పట్టుకున్న మెకానిక్కులు, వాళ్ల మెప్పువల్లనే, ఆ ఫిల్టరు నొక్కిన ప్రతి ఫోన్లోంచీ మాయమైపోయారు. మెచ్చుకున్నవాళ్ల చేతితోనే వాళ్లను దాచేశాను. దీన్ని తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

పెద్ద కంపెనీలు కూడా ఈ ఐదు స్టార్లతో కుదురుకోలేకపోయాయి. యూట్యూబు 2009 లో లెక్క చూసుకుంటే వచ్చిన రేటింగుల్లో అత్యధికం ఐదులే. నడుమ ఉన్న రెండు, మూడు, నాలుగును జనం దాదాపు వాడటమే లేదు. 2010 లో స్టార్లు తీసేసి బొటనవేలు పైకి, కిందికి అని పెట్టింది. నెట్‌ఫ్లిక్స్ 2017 లో అదే దారి పట్టింది. 2013 లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ఇంకో సంగతి తేల్చింది. మొదటి ఓటు మంచిదిగా పడితే, దాన్ని చూసి తర్వాత వచ్చేవాళ్లు కూడా అటే మొగ్గుతారు, చివరి స్కోరు సగటున నూటికి ఇరవై అయిదు వంతులు పెరుగుతుంది. అంటే బావమరిది నొక్కిన మొదటి ఐదుకు ఉన్న బలం ఒక్క ఓటుతో ఆగిపోదు. సియాటిల్ రెస్టారెంట్ల మీద మైకేల్ లూకా అనే ఆర్థికవేత్త చేసిన అధ్యయనంలో, ఒక్క స్టారు పెరిగితే రాబడి అయిదు నుంచి తొమ్మిది శాతం పెరిగినట్టు కనబడింది. ఒక స్టారు తగ్గితే ఎవరి ఇంట్లో ఏం తగ్గుతుందో ఆ అంకె చూస్తే తెలుస్తుంది.

స్టార్లు మొదట వచ్చింది మనుషుల కోసం కాదు. 1820 లో మరియానా స్టార్క్ అనే ఇంగ్లీషావిడ యూరపు యాత్రల పుస్తకంలో చూడదగ్గ బొమ్మలకు, కట్టడాలకు ఆశ్చర్యార్థకాలు పెట్టి, గొప్పదనాన్నిబట్టి వాటిని పెంచుతూ పోయింది. టైర్ల కంపెనీ మిష్‌లాన్ 1926 లో రెస్టారెంట్లకు నక్షత్రం ఇవ్వడం మొదలుపెట్టి, 1931 లో ఒకటి, రెండు, మూడు అని మెట్లు పెట్టింది. ఆ కంపెనీ పంపే మనుషులు, ఎవరో చెప్పకుండా పోయి తిని వచ్చి, చూడవలసిన గుణాలు చూసి ఇస్తారు. మన దేశంలో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2006 లో స్టారు లేబుళ్లు మొదలుపెట్టింది. ఫ్రిజ్జులు, ఏసీలతోపాటు వ్యవసాయ పంపుసెట్లకూ ఆ లేబులు ఉంది. పంపుసెట్టును ల్యాబులో నడిపి, ఎంత కరెంటు తాగి ఎన్ని నీళ్లు ఎత్తుతుందో కొలిచి ఇచ్చే స్టారు అది. బోర్లో దిగే మోటరుకు అంత జాగ్రత్తగా కొలత ఉంది. దాన్ని బాగుచేసే మనిషికి నేను పెట్టిన స్టారు దేన్ని కొలుస్తుందో నేనే ఎప్పుడూ రాసుకోలేదు.

అది నాకు అర్థమైంది ఒక మెకానిక్కు షాపులో. ఆయన్ని చిన్నప్పటినుంచి మామా అని పిలుస్తాను. ఆయనకు వరసగా ఒక్కొక్క స్టారే పడుతూ వచ్చింది. కారణం అడుగుదామని పోయాను. అప్పుడే ఎత్తుకొచ్చిన మోటరు ఒకటి విప్పి కూర్చున్నాడు. మాట్లాడకుండా లోపలి కాయిళ్లు నాకు చూపించాడు. గుండ్రంగా పేర్చిన కాయిళ్లలో కొన్ని బొగ్గులా మాడిపోయున్నాయి. వాటి పక్కనే ఉన్నవి చెక్కుచెదరలేదు, తీగ రంగు కూడా మారలేదు.

"ఇది చూసినావా? మూడు ఫేజుల్లో ఒకటి పోయింది. మిగిలిన రెండిటి మీద మోటరు గుంజింది. మాడిపాయ. అన్ని కాయిళ్లూ ఒకే తీరుగా మాడింటే లో వోల్టేజీ అనో, లోడు ఎక్కువైందనో అనుకోవచ్చు" అన్నాడు.

"మరి దీనికి నీ తప్పేముంది మామా?"

"నేను పోయిన నెలలో కట్టిన మోటరు ఇది. నెలకే కాలిందని నాకొక చుక్క ఏసినాడు. కరెంటు వచ్చీ రాగానే లైను మీద ఉండే మోటర్లన్నీ ఆటో స్టార్టర్లతో ఒకేసారి లేస్తాయి. ఆ లోడుకు ఫ్యూజు ఎగిరి ఒక ఫేజు పోతాది. ఆటో పెట్టొద్దని చెప్పినా ఇనలే. పొద్దున లేచి తోటకు పోయేదెవరని. చుక్క మాత్రం నాకు."

ఆటో స్టార్టరు పెట్టుకున్న రైతును నేను తప్పుపట్టను. కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో కాపలా కాసి ఎన్ని వేసవులు గడిపారో నాకు తెలుసు. ఆ రైతు కోపంలో నిజం ఉంది. ఖర్చు పెట్టిన డబ్బు నెల తిరక్కుండానే పోయింది, తోట ఎండుతోంది. ఆ కోపం పోసుకోవడానికి నేనొక్క చోటే ఇచ్చాను, ఐదు బటన్లు, మెకానిక్కు పేరు పక్కన. కరెంటుకు బటను లేదు. బోర్లో నీళ్లు తగ్గి మోటరు ఒట్టిగా తిరిగితే దానికి బటను లేదు. కాయిళ్లలో కారణం కళ్లకు కట్టినట్టు కనబడుతుంది, దాన్ని రాసుకునే కాలమ్ నా టేబులులో లేదు.

ఆ పూట ఆయన చెప్పిన ఇంకో మాటకు నాకు చాలా రోజులు నిద్ర పట్టలేదు. మా వైపు మోటరు పని చాలావరకు అప్పు మీదనే నడుస్తుంది. కాయ అమ్మినాక ఇస్తానంటారు. మెకానిక్కు తన చేతి డబ్బుతో వైండింగు వైరు కొని పని చేసి పంపుతాడు. రెండు మూడు సార్లు గుర్తుచేస్తే గానీ బాకీ రాదు. "నేను బాకీ అడిగినోడల్లా చుక్క తగ్గిస్తాండాడు అల్లుడా. అందుకే అడగడం మానేసినా. ఇప్పుడు పని నాది, డబ్బు వాళ్ల కాడ" అన్నాడు. అడిగే హక్కు ఉన్న మనిషి నోరు నేను కట్టేశాను. ఆయన జవాబు చెప్పుకోవడానికి నా యాప్‌లో ఒక్క పెట్టె కూడా లేదు. 'ఇది అన్యాయం' అని ఫిర్యాదు చేయడానికి దారి లేదు. రైతు ఎవరో తెలుసుకోవడానికి వీల్లేకుండా ఆ పేర్లు మాత్రం దాచిపెట్టాను.

మెకానిక్కులకూ రైతులకు రేటింగు ఇచ్చే బటన్లు పెడితే సమానం అవుతుందా అని ఆలోచించాను. కాదు. ఈబే తొలినాళ్లలో కొన్నవాళ్లు, అమ్మినవాళ్లు ఒకరికొకరు మార్కులేసుకునే పద్ధతి ఉండేది. చెడ్డగా రాస్తే తిరిగి చెడ్డగా రాస్తారన్న భయంతో జనం నిజం చెప్పడం మానుకున్నారు. 2008 లో ఆ కంపెనీ, అమ్మేవాళ్లు కొనేవాళ్లకు చెడ్డ మార్కు వేయడాన్ని ఆపేసింది. మా ఊర్లో అయితే ఇంకా అన్యాయం. కాయ ధర పడిపోయి బాకీ కట్టలేని రైతు పేరు పక్కన ఒక స్టారు పడితే, ఆ మోటరు ఎత్తడానికి ఎవరూ రారు. ఒక తప్పును రెండు వైపులా చేసినంత మాత్రాన న్యాయం కాదు.

కాబట్టి స్టార్లు తీసేశాను. పెట్టే ముందు చేయవలసిన పని తీసేసేటప్పుడు చేశాను. షాపులకు పోయి కూర్చుని, రైతులను అడిగి, ఏం కొలిస్తే మేలు అని విన్నాను. ఇప్పుడు మూడే ప్రశ్నలు. చెప్పిన పొద్దుకు వచ్చినాడా? ముందు చెప్పిన రేటే తీసుకున్నాడా? మోటరు విప్పి, కాలిన కారణం చూపించినాడా? జవాబు ఔను, కాదు. ఏమీ నొక్కకపోతే అది జవాబు లేదనే నిలుస్తుంది. సరాసరి లేదు. 'పదిమందిలో తొమ్మిదిమంది ఔనన్నారు' అని ఉన్నదున్నట్టు కనబడుతుంది. మెకానిక్కు కారణం రాయడానికి పెట్టె ఉంది: ఒక ఫేజు పోయింది, లో వోల్టేజీ, నీళ్లు లేక తిరిగింది, వైండింగు లోపం. చివరిది తన తప్పని ఒప్పుకునే గడి, దాన్నీ వాళ్లే పెట్టమన్నారు. వరుస ఇప్పుడు దగ్గరున్నవాడు, ఈ రోజు ఖాళీగా ఉన్నవాడు అనే లెక్కన వస్తుంది. కారణాల పెట్టెవల్ల నేను అనుకోని మేలు ఇంకొకటి జరిగింది. ఒకే ట్రాన్స్‌ఫార్మరు కింద మోటర్లు వరసగా కాలుతుంటే ఇప్పుడు తెలిసిపోతుంది. రైతులు ఆ కారణాల పట్టీ పట్టుకుని కరెంటు ఆఫీసుకు పోయి అడగగలుగుతున్నారు.

ఇప్పుడు దేశంలో దీనికొక ప్రమాణం కూడా ఉంది. బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ 2022 నవంబరులో ఆన్‌లైను రివ్యూల సేకరణ, పరిశీలన, ప్రచురణ ఎట్లుండాలో చెబుతూ ఐఎస్ 19000 తెచ్చింది. దొంగ రివ్యూల బెడద గురించి అందరూ మాట్లాడుతున్నారు. అది మాట్లాడవలసిందే. నా యాప్‌లో పడిన స్టార్లు మాత్రం దొంగవి కావు. నిజమైన రైతులు, నిజంగా పని చేయించుకున్నవాళ్లు, నిజమైన కోపంతోనో మెప్పుతోనో ఇచ్చినవే. అయినా వాటివల్ల అన్యాయం జరిగింది, ఎందుకంటే నేనడిగిన ప్రశ్నే తప్పు.

ఆ మామ పేరు యాప్‌లో ఇప్పుడు లేదు. స్టార్లు తీసేశానని చెప్పి మళ్లీ చేరమని అడిగాను. వద్దన్నాడు, తన నంబరు కావలసినవాళ్ల దగ్గర ఉందన్నాడు. అది ఆయన ఇష్టం. మళ్లీ అడిగే అర్హత నాకు ఉందని నేను అనుకోను.

ఇడుపులపాయలో, ఇంకెక్కడైనా, యాప్‌లు రాయడం నేర్చుకుంటున్న పిల్లలకు నాది ఒక మనవి. వస్తువులకు స్టార్లు పెట్టండి, సినిమాలకు పెట్టండి. మనిషి పేరు పక్కన ఒక అంకె పెట్టవలసి వస్తే మాత్రం, టేబులు కట్టకముందే ఆ మనిషి పనిచేసే చోటికి పోండి. ఆ అంకె దేన్ని కొలుస్తుందో, దానికి ఆయన ఎట్లా జవాబు చెప్పుకోవచ్చో ఆయన ముందర కూర్చుని చెప్పండి. ఆయన ఒప్పుకోకపోతే ఆ కాలమ్ పెట్టకండి.